వెనుక యాక్సిల్ మూలుగు: కారణం తేలేదాకా నా అనుభవం

మా ఆరు టైర్ల లారీ వెనుక యాక్సిల్ (వెనుక చక్రాల ఇరుసు) నుంచి వస్తున్న మూలుగును నేను మొదటిసారి స్పష్టంగా విన్నది గత సెప్టెంబరు మొదటి వారంలో, కాకినాడలో బియ్యం బస్తాలు దించి మండపేట, ఆలమూరు మీదుగా ఖాళీగా తిరిగి వస్తున్నప్పుడు. మామూలు రోడ్డు మీద గాలిలో కలిసిపోయే శబ్దం జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కగానే పిట్టగోడలకు తగిలి కేబిన్‌లోకి తిరిగి వచ్చింది. వేగం యాభై దగ్గర ఉంది. ఎక్సలేటరు తొక్కి ఉంచినంతసేపూ దాదాపు వినపడని ఆ మూలుగు, రావులపాలెం వైపు దిగుతూ కాలు తీసేసరికి గట్టిగా పైకి లేచింది, వేగం నలభైకి పడేసరికి ఎవరో నొక్కి ఆపినట్టు ఆగిపోయింది.

లారీ నడుపుతున్నది మా పెదనాన్న గారి మనుమడే. "వారం నుంచి వస్తోంది బాబాయ్, టైరు మోత అనుకుని ఊరుకున్నాను" అన్నాడు. దీనికి తోడు గేరు వేసి కదిలించేటప్పుడు కింద ఎక్కడో "టక్" మని ఒక దెబ్బ కూడా వినపడేది. ఈ రెండు శబ్దాలూ ఒకేసారి మొదలు కావడం వల్ల రెండింటికీ కారణం ఒకటే అయి ఉంటుందని మేము చూపించిన ప్రతివారూ అనుకున్నారు. తరువాత జరిగిన ఆలస్యంలో సగం ఈ ఊహ వల్లనే జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను: అవి రెండు వేరు వేరు భాగాల్లోని జబ్బులు.

సెప్టెంబరు 8న మా ఊరికి దగ్గరలోని షెడ్డుకు తీసుకువెళ్ళాము. అక్కడి మెకానిక్ లారీ కిందకు దూరి, గేరు బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, దాని అతుకుల్లో ఉండే యూజే క్రాసులు అరిగిపోయాయని, దానిని మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగు రబ్బరు కూడా చీలిందని చూపించాడు. అతను చూపించినది నిజమే. క్రాసు విప్పినప్పుడు ఒక కప్పులో సూది రోలర్లు తుప్పు పట్టి ఎర్రని పొడిగా రాలాయి. రెండు క్రాసులు, సెంటర్ బేరింగు, కూలీ కలిపి 5,800 రూపాయలు అయ్యాయి, సాయంత్రానికి బండి చేతికి వచ్చింది. కదిలించేటప్పుడు వచ్చే "టక్" పూర్తిగా పోయింది. మూలుగు మాత్రం అంగుళం కదలలేదు. పైగా ఆ దెబ్బ శబ్దం లేకపోయేసరికి అది ఇంకా స్పష్టంగా వినపడసాగింది.

ఆ తరువాత టైర్ల వంతు. వెనుక జతలో ఒక టైరు గడులు ఒక అంచున ఎత్తుగా, మరొక అంచున పల్లంగా అరిగి ఉన్నాయి. అలా అరిగిన టైరు ఒక వేగం దగ్గర మోగుతుందన్న మాట వాస్తవమే కాబట్టి టైర్ల కొట్టు అతను దానిని తీసి స్టెప్నీ వేసి పంపాడు. దీనికి ఖర్చు కాలేదు, ఫలితమూ లేదు. అయితే ఆ రోజు ఒక సంగతి గమనించాను. టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది. హైవే తారు మీద ఒకలా, ఊళ్ళలోని సిమెంటు రోడ్ల మీద ఒకలా, గతుకుల కాలువ గట్టు రోడ్ల మీద మరొకలా ఉంటుంది. మా లారీ మూలుగు ఈ మూడింటి మీదా ఒకే శ్రుతిలో వచ్చింది. ఆ మాట ట్రిప్పుల పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను. చివరికి బాగా పనికొచ్చిన కాగితం అదే.

సెప్టెంబరు మూడో వారంలో, హబ్బుల పనికి పేరున్న మరో చోట వెనుక రెండు హబ్బులూ (చక్రాలు బిగించే, బేరింగుల మీద తిరిగే మధ్య భాగాలు) విప్పించాము. వాళ్ళు మొదట ఆ వెనుక చక్రాల బొడ్డు మీద చెయ్యి పెట్టి చూశారు. ఎడమ వైపు కాస్త ఎక్కువ వేడిగా ఉండడంతో బేరింగు పోయిందని తీర్మానించారు. ఉదయం ఇస్తే సాయంత్రం ఇస్తామన్నారు గాని, కుడి వైపు నట్టు పట్టేసి ఎంతకీ రాకపోవడంతో మరుసటి మధ్యాహ్నం దాకా బండి అక్కడే ఉండిపోయింది. తీరా విప్పి చూస్తే నాలుగు బేరింగులూ కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. ఎడమ హబ్బు వేడికి కారణం బ్రేకు లైనరు డ్రమ్మును వదలకుండా రాసుకోవడం. ఎలాగూ విప్పాము కదా అని గ్రీసు మార్చి, ఆయిల్ సీళ్ళు కొత్తవి వేసి, ఆ వైపు లైనర్లు మార్చి, అడ్జస్టరు సరిచేశారు. బిల్లు 9,200. జరిగిన పని మంచిదే, కానీ నేను వెళ్ళిన పని అది కాదు. తిరుగు దారిలో యాభై దాటగానే మూలుగు మళ్ళీ పలకరించినప్పుడు మావాడు నా ముఖం వైపు చూడలేదు, నేను అతని వైపు చూడలేదు.

ఇక్కడ నా మనసులో తిరిగిన భయం గురించి కూడా చెప్పాలి. డబ్బు మాట అలా ఉంచితే, లోపల బేరింగు ఏదైనా ఒక్కసారిగా పట్టేస్తే ప్రొపెల్లర్ షాఫ్టు బిగిసిపోతుంది, దానితో వెనుక చక్రాలు నడుస్తూ నడుస్తూనే ఆగిపోతాయి. రావులపాలెం అవతల సిద్ధాంతం ఊరి దగ్గరి గోదావరి వంతెన మీద, వెనుక బస్సు, పక్కన మోటారు సైకిళ్ళు ఉండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకుని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. బండి ఎక్కిన ప్రతిసారీ ఫోను చేసి "ఎక్కడ ఉన్నావు, ఇంకా వస్తోందా" అని అడిగేవాడిని. అటు కిరాయి వదులుకుంటే ఫైనాన్సు వాయిదా ఆగదు. లోడు ఉన్నప్పుడు శబ్దం తక్కువగా, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండడం మరో తికమక. బరువుకు భయపడాలో, ఖాళీకి భయపడాలో తెలిసేది కాదు.

శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెవితో తేల్చుకుందామని, ఎవరో చెప్పగా మొబైలు ఫోనును పాలిథిన్ సంచిలో పెట్టి వెనుక ఛాసిస్‌కు టేపుతో కట్టి రికార్డు చేశాము. ఇంటికి వచ్చి వింటే మొదటి నుంచి చివరి దాకా గాలి హోరు తప్ప మరేమీ లేదు. కేబిన్‌లో కూర్చుంటే మాత్రం మూలుగు కుడి వైపు వెనుక నుంచి వస్తున్నదని మేమిద్దరమూ ప్రమాణం చేసేటంత గట్టిగా అనిపించేది. చివరికి కారణం సరిగ్గా నడిమధ్యలో దొరికింది. ఛాసిస్ పొడవునా, కమాన్ల (స్ప్రింగు పట్టీల) గుండా శబ్దం పాకి వచ్చే తీరు అలాంటిది. దిక్కు విషయంలో చెవిని నమ్మవద్దు.

ఆ తరువాత ఒక పెద్ద వర్క్‌షాపుకు వెళ్ళాము. వాళ్ళ మనిషి పది నిమిషాలు నడిపి చూసి, క్రౌన్ పినియన్ (షాఫ్టు వైపు ఉండే చిన్న పళ్ళ చక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్) పోయిందని, సెట్టు మొత్తం, బేరింగులన్నీ మార్చాలని, కూలీ, నూనెతో కలిపి 78,000 అవుతుందని కాగితం మీద రాసి ఇచ్చాడు. వారం దాటితే వాటిని కప్పి ఉంచే హౌసింగ్ కూడా పోతుందని హెచ్చరించాడు. అంత పెద్ద మాట చెప్పిన మనిషి గేర్ ఆయిల్ ప్లగ్గు కూడా విప్పి చూడలేదే అన్న సందేహం నన్ను పట్టుకుంది. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని బండి బయటికి తీశాము.

మా దగ్గరి ఇటుకల లారీ యజమాని ఒకరు తణుకు వైపు ఒక మేస్త్రీ గారి గురించి చెప్పారు. ఆయన ఆర్టీసీ డిపోలో యూనిట్ల (గేరు బాక్సు, యాక్సిల్ వంటి వాటి) పని చేసి రిటైరయ్యి, కాలువ పక్కన చిన్న రేకుల షెడ్డు వేసుకున్నారు. ఫోను చేస్తే దసరా దాటే వరకు కుదరదన్నారు. ఆయుధ పూజకు ముందు మా వైపు ప్రతి షెడ్డులోనూ ఇదే పరిస్థితి. రంగులు, సర్వీసులు, కొత్త టార్పాలిన్లు, అందరికీ పండుగ లోపలే కావాలి. అందువల్ల దాదాపు రెండు వారాలు ఆగవలసి వచ్చింది. ఆ రెండు వారాలూ దూరపు లోళ్ళు మానేసి, రావులపాలెం చుట్టుపక్కల అరటి గెలలు, కొబ్బరికాయలు వంటి తేలిక లోళ్ళకే పంపాను. కిరాయి సగానికి పడిపోయింది.

అయితే మేస్త్రీ గారు ఫోనులోనే కొన్ని ప్రశ్నలు వేసి, చూసి రాసుకుని రమ్మన్నారు. ఒకే వేగంలో, అంటే యాభై దగ్గర, టాప్ గేరులో ఒకసారి, ఒక గేరు తగ్గించి ఒకసారి నడపాలి. ఇంజను వేగం మారినా శబ్దం మారకపోతే అది గేరు బాక్సు వెనుక భాగానిది. మాది మారలేదు. ఖాళీ రోడ్డు మీద మలుపులు తిరుగుతూ వినాలి. మలుపులోనే వస్తే, రెండు వైపుల చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి స్టార్ గేర్లనో, హబ్బులనో అనుమానించాలి. మాది మలుపులో పెరగలేదు, తగ్గలేదు. తొక్కినప్పుడు, వదిలినప్పుడు, ఎక్కువా తక్కువా కాకుండా వేగం నిలకడగా పట్టి ఉంచినప్పుడు ఎలా ఉందో వేరు వేరుగా రాయాలి. చివరిగా, ఖాళీ బండితో, ముందూ వెనుకా ఎవరూ లేని చదును రోడ్డు మీద కొన్ని క్షణాలు న్యూట్రల్ చేసి వినాలి. పల్లంలో ఈ పని ఎంతమాత్రం చేయవద్దని గట్టిగా చెప్పారు. మా డెల్టాలో ఘాట్లు లేవు, వంతెనల అప్రోచ్‌లే మాకు ఎత్తుపల్లాలు. ఆ అప్రోచ్‌లు దిగుతూ గేరులో ఉండి కాలు తీసినప్పుడే మూలుగు అన్నిటికంటే గట్టిగా వచ్చేది. న్యూట్రల్‌లో సన్నబడి గరగరగా మారేది గాని ఆగేది కాదు.

దసరా వెళ్ళిన మూడో రోజున ఆయన షెడ్డుకు చేరుకున్నాము. నా కాగితం చదివి, బండి ఎక్కి ఒక్కసారి నడిపి వచ్చారు. "చక్రం బేరింగయితే మీరు తొక్కారో వదిలారో దానికి పట్టదండీ. ఇది కాలికి జవాబు చెబుతోంది, కాబట్టి లోపలిదే. వదిలినప్పుడు ఏడుస్తోందంటే మొదట పినియన్ బేరింగులు చూడాలి" అన్నారు. క్రౌన్ విప్పేద్దామా అని మావాడు తొందరపడితే, "ఆయ్, నూనె చూడకుండా క్రౌన్ ఎలా విప్పుతామండీ" అన్నారు.

ముందు ఆయన చేసిన పని నేను ఇంతకు ముందు ఎక్కడా చూడలేదు. ఇలాంటి లారీల్లో బరువంతా హౌసింగ్ మీదనే ఉంటుంది, యాక్సిల్ షాఫ్టులు చక్రాలను తిప్పడానికే గాని బరువు మొయ్యడానికి కాదు. కాబట్టి బండి నేల మీద నిలిచి ఉండగానే వాటిని బయటికి లాగవచ్చు. చక్రాలకు ముందూ వెనుకా దుంగలు వేసి, రెండు వైపులా ఫ్లాంజి నట్లు విప్పి, సుత్తితో అంచున కొట్టి వదులు చేసి షాఫ్టులు రెండింటినీ లాగేశారు. కారే నూనెకు హబ్బు నోళ్ళలో గుడ్డలు కుక్కారు. తరువాత ఇంజను వేసి గేరులో పెడితే ప్రొపెల్లర్ షాఫ్టు, పినియన్, క్రౌన్ తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. హబ్బులు, టైర్లు ఆ క్షణానికి లెక్కలో లేవు. పొడవాటి స్క్రూ డ్రైవరు మొన హౌసింగ్ ముక్కు (పినియన్ ఉండే ముందు కొస) మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విన్నారు. తిరుగుతున్న షాఫ్టుకు బట్టలు తగలకుండా లుంగీ వదిలి ప్యాంటు వేసుకుని మరీ పక్కకు వంగారు. తరువాత నన్నూ వినమన్నారు. సెంటర్ బేరింగు మీద పెడితే మెత్తని గాలి శబ్దం, హౌసింగ్ వెనుక మూత మీద పెడితే కొద్దిగా గరగర, ముక్కు మీద పెట్టగానే ఇసుక నమిలినట్టు కరకరమంటూ చెవిలో పడింది. నెల రోజులకు పైగా వెతుకుతున్న వస్తువు అక్కడే ఉందని ఆ క్షణంలో తెలిసింది. సంతోషమో, ఖర్చు గుర్తుకు వచ్చిన దిగులో తెలియని స్థితి.

వెనుక చక్రాలు జాకీల మీద ఎత్తి తిప్పి కూడా వినవచ్చు గాని ఒక్క చక్రమే ఎత్తి గేరు వెయ్యడం చాలా ప్రమాదమని ఆయన చెప్పారు. గాలిలో ఉన్న చక్రం రెండింతల వేగంతో తిరుగుతుంది, పొరపాటున అది నేలను తాకితే బండి ఒక్కసారిగా దూకుతుంది.

అప్పుడు కింది ప్లగ్గు విప్పారు. బండి నడిచి వచ్చిన వేడి మీదనే విప్పాలట, చల్లబడితే రజను అడుగున ఉండిపోతుంది. గోధుమ రంగులో జిగటగా దిగవలసిన గేర్ ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో దిగింది. మొదట ఒక అరగ్లాసు దాకా వట్టి నీళ్ళే వచ్చాయి. ప్లగ్గు చివరి అయస్కాంతానికి నల్లని మెత్తని పేస్టు పట్టి ఉంది. అంతవరకు ఏ బండికైనా మామూలేనట. మేస్త్రీ గారు దానిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి ఎండకు పెట్టి చూపించారు. అందులో గోరు మీద ఉండే తెల్ల మచ్చంత పలుచని రేకులు మెరుస్తున్నాయి. అవి బేరింగు పైపొర లేచిన ముక్కలని, గేరు పన్ను విరిగితే ముక్క మందంగా, ఒక మూల పదునుగా ఉంటుందని అన్నారు. నూనెను పాత పంచె గుడ్డలో వడకట్టి అంతా వెతికినా మందపు ముక్క ఒక్కటి కూడా దొరకలేదు. 78,000 కాగితం మీద నాకు అనుమానం బలపడింది అక్కడే.

"నీళ్ళలోకి దింపారా?" అని అడిగారు. జూలైలో గోదావరి పెరిగినప్పుడు లంకలోని బంధువుల పశువులకు ఎండుగడ్డి చేరవేశాము. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు గాని, కొన్ని కాజ్‌వేల మీదికి అంతకు ముందే నీరు వస్తుంది. ఆ రోజు హబ్బుల దాకా నీటిలో బండి కాసేపు నిలిచింది కూడా. ఆ గడ్డి వెళ్ళకపోతే పశువులు పస్తులుండేవి కాబట్టి, మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా పంపుతాను. మేస్త్రీ గారు హౌసింగ్ పైన, లోపలి గాలి వచ్చిపోవడానికి ఉన్న చిన్న బ్రీథరు చూపించారు. దాని రంధ్రం బురద గట్టిపడి పూర్తిగా మూసుకుపోయి ఉంది. దూరం నడిచిన యాక్సిల్ లోపల గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ వేడి మీద చన్నీళ్ళలో దిగితే ఒక్కసారిగా సంకోచించి బయటి నుంచి పీల్చుకుంటుంది. బ్రీథరు మూసి ఉంటే, నూనె కారకుండా ఆపే సీలు పెదవి గుండా నీటినే లాగుతుంది. ఆ నీరు రెండు నెలలు నూనెలో చిలికి బేరింగుల మీద పని చేసింది. జూలైలో పడిన నీటికి సెప్టెంబరులో శబ్దం రావడం వల్ల మాలో ఎవరికీ ఆ రెండూ కలిపి చూడాలని తోచలేదు. క్రాసు కప్పులో చూసిన ఎర్ర తుప్పు కూడా ఆ నీటిదేనని అప్పుడు అర్థమైంది.

విప్పకముందు ఆయన మూడు వేల రూపాయలు అడ్వాన్సు మాత్రమే అడిగారు. చైన్ బ్లాకు కట్టి, క్రౌన్, పినియన్ ఉండే డిఫరెన్షియల్‌ను ముందుకు లాగి దించారు. అది ఇద్దరు మనుషులు ఎత్తగలిగే బరువు కాదు. విడదీయకముందే క్రౌన్ పళ్ళ మీద నీలం రంగు పూసి, కొయ్య అడ్డం పెట్టి బరువుగా తిప్పి, పళ్ళు ఒకదానికొకటి ఎక్కడ ఆనుతున్నాయో అచ్చు చూశారు. పన్ను మధ్యలో, ఏ అంచుకూ ఒరగకుండా చక్కగా పడింది. పళ్ళ మీద గీతలు లేవు, పెచ్చులు లేవు. క్రౌన్ మీద, పినియన్ మీద చెక్కిన జత నంబరు కూడా ఒకటే ఉంది. ఆ రెండూ జతగానే పుట్టి జతగానే పోవాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచే పని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దన్నారు. పక్క బేరింగుల మూతల మీద కుడి ఎడమలు కలవకుండా పంచితో చుక్కలు కొట్టి బోల్టులు విప్పారు.

పినియన్ ముందు బేరింగు కప్పు బయటికి తీసి నా చేతికి ఇచ్చి గోరు గీయమన్నారు. కంటికి మసక మచ్చల్లా కనిపించిన చోట గోరు తట్టుకుంది. అటువంటి గుంటలు కింది సగంలో, బండి నిలిచి ఉన్నప్పుడు నీరు నిలిచే మట్టంలోనే ఎక్కువగా ఉన్నాయి. రెండో బేరింగులో గుంటలు తక్కువే గాని మొదలయ్యాయి. క్రౌన్ పక్క బేరింగులలో ఒకదానికి రంగు మారింది. సీలు పెదవి గట్టిపడి పగిలింది. జాబితా తేలింది: పినియన్‌కు రెండు, దాని లోపలి కొసన పైలట్ బేరింగు, పక్కవి రెండు, సీలు, నట్టు, బ్రీథరు. క్రౌన్ పినియన్ అక్కరలేదు.

బేరింగులు విజయవాడ ఆటోనగర్‌లో చెప్పి ఆర్టీసీ కార్గోలో తెప్పించాము. మరుసటి ఉదయం పార్సిలు వచ్చింది. అట్టపెట్టె మీద సరైన నంబరే ఉంది, లోపలి బేరింగు రింగు మీద చెక్కిన చివరి అంకెలు మాత్రం వేరు. కొలిస్తే లోపలి రంధ్రం కూడా తేడా. దానిని తిప్పి పంపి సరైనది వచ్చేసరికి మధ్యలో ఆదివారం కూడా పడి మూడు రోజులు పోయాయి. అప్పటి నుంచి పెట్టె మీద కాకుండా రింగు మీద నంబరు ఫోటో తీసి పంపమని అడిగిన తరువాతే డబ్బు పంపుతున్నాను. మావాడు ఆ మూడు రోజులూ షెడ్డు దగ్గరే పడుకున్నాడు. బత్తా, భోజనం నా ఖర్చు.

బిగించడం చూడటానికి ప్రత్యేకంగా వెళ్ళాను. పినియన్ బేరింగుల బిగింపు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయన వాడినది స్ప్రింగు త్రాసు. ఫ్లాంజికి దారం చుట్టి, త్రాసు కొక్కేనికి తగిలించి, నిలకడగా లాగుతూ ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూశారు. రెండు బేరింగుల మధ్య వేసే స్పేసరు రింగు మొదటిదానితో మరీ బిగుతు వచ్చింది. ఇంకొంచెం మందమున్నది వేశారు, సరిపోయింది. బిగుతు ఎక్కువైతే వందల కిలోమీటర్లలోనే బేరింగు కాలిపోతుందని, వదులైతే మళ్ళీ అదే ఏడుపని అన్నారు. తరువాత డయల్ గేజి పెట్టి పళ్ళ మధ్య ఖాళీ చూస్తే 0.25 మిల్లీమీటర్లకు దగ్గరగా వచ్చింది. నీలం అచ్చు మళ్ళీ తీసి, ముందటి అచ్చు పక్కన పెట్టి పోల్చారు. ఇంత ఓపిక పడుతున్న మనిషికి మధ్యలో రెండుసార్లు టీ తెప్పించడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది. హౌసింగ్ లోపల డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త నూనె పోశారు.

మేస్త్రీ గారి దగ్గర ఖర్చు ఇలా అయింది. బేరింగులు 21,500, సీలు, నట్టు, బ్రీథరు వగైరా 1,900, నూనె 3,900, కూలీ 9,000. మొత్తం 36,300. దీనికి ముందు క్రాసులకూ హబ్బులకూ పెట్టిన 15,000 కలపాలి. ఆ 15,000 వృథా అని అనను, క్రాసులు మార్చవలసినవే, లైనర్లూ అంతే. బీమా ఏజెంటును అడిగితే ఢీకొంటేనో బోల్తా పడితేనో తప్ప యంత్రం లోపలి లోపాలు, అరుగుదల పాలసీలోకి రావని చెప్పాడు. నీరు వరదదే కదా అని వాదించాను గాని, రెండు నెలల తరువాత దానిని రుజువు చేసే కాగితం నా దగ్గర ఏదీ లేదు. వరద నీటిలో బండి దిగిన రోజున ఫోటోలు తీసి, అదే వారంలో నూనె చూపించి రాయించుకుంటే కనీసం అడగడానికి నోరు ఉంటుంది.

ట్రయలుకు మేస్త్రీ గారు కూడా వచ్చారు. సిద్ధాంతం వంతెన ఎక్కి, దిగుతూ కాలు తీశాడు మావాడు. టైర్ల శబ్దం, ఇంజను శబ్దం, వంతెన అతుకుల మీద చక్రాల చప్పుడు వినిపించాయి. మూలుగు లేదు. మేస్త్రీ గారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. బండి ఆపించి, హౌసింగ్ ముక్కు మీద అరచెయ్యి పెట్టి పది అంకెలు లెక్కపెట్టారు. చెయ్యి నిలవగలిగింది. మరో ఇరవై కిలోమీటర్లు నడిపించి మళ్ళీ పెట్టారు. కొత్త బేరింగులు కొంత వేడెక్కుతాయట, చెయ్యి పెట్టలేనంత అయితే మాత్రం ఆపెయ్యాలి. తరువాత నేను 1,200 రూపాయలకు దూరం నుంచే వేడి చూపించే చిన్న థర్మామీటరు కొన్నాను. లోడు దించిన ప్రతి చోటా మావాడు రెండు హబ్బులూ, ముక్కూ చూసి పుస్తకంలో రాస్తున్నాడు. రెండు హబ్బుల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తే ఆ వైపు బ్రేకు పట్టుకుంటోందన్నమాట. దీనివల్ల నవంబరులో ఒకసారి కుడి వైపు బ్రేకు అడ్జస్టరు లోపం ముందుగానే దొరికింది.

మొదటి అయిదు వందల కిలోమీటర్లు సగం లోడుతోనే నడపమన్నారు. అప్పటికే ఖరీఫ్ ధాన్యం కోతలకు వస్తోంది, మిల్లుల దగ్గర లారీలకు గిరాకీ మొదలైంది. సగం లోడుకు ఎవరూ పూర్తి కిరాయి ఇవ్వరు, ఆ వారం ఓర్చుకోవలసి వచ్చింది. దాదాపు వెయ్యి కిలోమీటర్లకు నూనె మళ్ళీ మార్పించాము, మరో 3,900. ఈసారి పంచె గుడ్డలో నల్లని మెత్తటి పేస్టు తప్ప రేకులు లేవు, నూనె రంగు మారలేదు.

అరవై దాటాక, ఖాళీ బండిలో, చాలా శ్రద్ధగా వింటే సన్నని ధ్వని ఒకటి ఇంకా ఉంది. వదులు బేరింగుతో రెండు నెలలు తిరిగిన పళ్ళు కొంచెం అరిగి ఉంటాయని, అది పెరగనంతకాలం పట్టించుకోవద్దని, పెరిగితే మాత్రం అప్పుడు సెట్టు మార్చుకోవాలని మేస్త్రీ గారు చెప్పారు. నెలకొకసారి అదే వేగంలో, అదే వంతెన మీద, కాలు తీసి విని పుస్తకంలో రాస్తున్నాము. బ్రీథరుకు రబ్బరు గొట్టం తగిలించి, ఛాసిస్ పైదాకా తెచ్చి, చివర కిందికి వంచి క్లిప్పు వేయించాను. దానికి అయినది 180 రూపాయలు.